ట్రాన్సిషన్‌లో పేరు మార్చుకోవడం: లింక్ డాక్యుమెంట్ మీ చేతిలోనే ఉండాలి

స్థలం కొన్నవాళ్లకు లింక్ డాక్యుమెంట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఈ స్థలం ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో చూపించే పాత కాగితం అది. అది లేకపోతే కొత్త కాగితాన్ని ఎవరూ నమ్మరు. ట్రాన్సిషన్‌లో, అంటే పుట్టినప్పుడు రాసిన లింగాన్ని వదిలి తమదైన జెండర్‌తో బతకడం మొదలుపెట్టే దశలో, పేరు మార్చుకున్న ట్రాన్స్ వ్యక్తికీ అలాంటిదే ఒకటుంటుంది. "ఆ పేరున్న వ్యక్తి, ఈ పేరున్న వ్యక్తి ఒక్కరే" అని చెప్పే కోర్టు ఉత్తర్వో, అఫిడవిట్టో, గెజిట్ ప్రకటనో.

చిక్కంతా అక్కడే ఉంది. చదువు, ఉద్యోగం, బ్యాంకు ఖాతా మీవేనని నిరూపించుకోవాలంటే ఆ కాగితం కావాలి. మీరు ట్రాన్స్ వ్యక్తి అని ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పేసేదీ ఆ కాగితమే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే ఎవరూ రెండోసారి చూడరు. కానీ ఒక మగ పేరు, ఒక ఆడ పేరు ఒకే కాగితం మీద పక్కపక్కన కనిపిస్తే ఇక వివరించాల్సిందేమీ మిగలదు. అందుకే ఈ పనిలో సగం చట్టం, సగం గోప్యత. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు పని అయిపోయిందనుకుని నేను హాయిగా నిద్రపోయాను. అసలు పని ఆ మర్నాడు మొదలైంది.

చట్టం దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ రాసిన క్రమం ఎక్కడైనా పనికొస్తుంది. కానీ ఫారం నింపే రోజున మీ చోట అమల్లో ఉన్న నిబంధన ఏమిటో మీరే తెరిచి చదవాలి. రెండేళ్ల కిందటి వీడియో చూసి వెళ్లొద్దు. ఈ చట్టాలు ముందుకే కాదు, వెనక్కీ నడుస్తాయి. హంగరీలో 2020 మేలో వచ్చిన చట్టం పుట్టినప్పుడు రాసిన లింగాన్ని మార్చడానికి వీల్లేకుండా చేసింది. అక్కడ పేర్లు కూడా ఆ లింగానికే ముడిపడి ఉంటాయి కాబట్టి పేరు మార్పు దారీ దాంతోపాటే మూసుకుపోయింది.

1. చట్టం కంటే ముందు వాడుక

కొత్త పేరును కాగితం మీద పెట్టేముందు కొన్నాళ్లు వాడి చూడండి. నమ్మకమైన ఇద్దరు ముగ్గురితో పిలిపించుకోండి. గుంపులో వెనకనుంచి ఎవరో ఆ పేరుతో పిలిస్తే మీరు తిరిగి చూస్తున్నారా? ఇంతకు మించిన పరీక్ష లేదు.

చాలా పనులకు చట్టపరమైన మార్పు అవసరమే లేదు. ఈమెయిల్‌లో కనిపించే పేరు, ఆఫీసు బ్యాడ్జి, క్లాసు హాజరు పట్టిక ఇవన్నీ చాలాచోట్ల అడిగితే మారతాయి. కార్డు మీద చట్టపరమైన పేరు కాకుండా వాడుక పేరు ముద్రించే పద్ధతిని మాస్టర్‌కార్డ్ 2019లో ప్రకటించింది. మీ బ్యాంకు దాన్ని ఇస్తే ఉత్తర్వు కోసం ఆగక్కర్లేదు. బ్రిటన్‌లోనైతే వాడుకతోనే పేరు మారుతుంది. డీడ్ పోల్ అనే పత్రం దానికి రుజువు మాత్రమే.

కానీ ఒక గీత ఉంది. పన్ను, బ్యాంకు, పరీక్ష, వీసా ఫారాల మీద మాత్రం చట్టపరంగా మారేదాకా పాత పేరే రాయండి. మనసు ఒప్పుకోదు, తెలుసు. కానీ ఆ ఒక్క ఫారం తర్వాత "పేరు సరిపోలలేదు" అని తిరిగొస్తే, దాన్ని సరిచేయడానికి పాత పేరు ఇంకో పదిమందికి చెప్పాల్సి వస్తుంది.

ఇంట్లో వాళ్లకు తెలియకుండా చేస్తున్నవారు ఈ దశలోనే ఉత్తరాల సంగతి చూసుకోవాలి. కోర్టు నోటీసు, కొత్త చెక్కుబుక్కు, బీమా కంపెనీ కవరు అన్నీ ఇంటికే వస్తాయి. ముందు ఉత్తరాల చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ మార్చి, అవి పనిచేస్తున్నాయని చూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

2. పేరు ఎక్కడెక్కడ ఉందో రాసుకోండి

ఒక పట్టిక వేయండి. ఒక్కో సంస్థకూ మూడు సంగతులు చాలు. అక్కడ మీ రికార్డును దేనితో వెతుకుతారు, పేరుతోనా నంబరుతోనా? మార్చడానికి లింక్ డాక్యుమెంట్ అడుగుతారా, కొత్త గుర్తింపు కార్డు సరిపోతుందా? మార్చాక పాత పేరు ఇంకెవరికైనా కనిపిస్తుందా?

మూడో ప్రశ్నకు జవాబు మొదట్లో దొరకదు. ఖాళీగా వదిలేయండి, కౌంటర్ దగ్గర అడిగి నింపొచ్చు.

నా జాబితా ఇరవైతో మొదలై అరవై దాటింది. అందరూ మర్చిపోయేవి సొంత కాగితాలు కావు, ఇతరుల కాగితాల్లో ఉన్న మీ పేరు. తల్లి బీమా పాలసీలో నామినీ, అన్న ఇంటి రుణానికి హామీ సంతకం, పిల్లల జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల గడి, ఎవరో రాసిన వీలునామా. వీటిలో మీ పేరు పాతదే ఉండిపోతే చాలాసార్లు అవసరం పడేది ఏదో ఒక చావు తర్వాతే. అప్పుడు దుఃఖంలో ఉన్న బంధువుల మధ్య నిలబడి లింక్ డాక్యుమెంట్ చూపించాల్సి వస్తుంది.

ఈ పట్టికే మీ దగ్గరున్న అతి ప్రమాదకరమైన ఫైలు అని గుర్తుంచుకోండి. పాత పేరు, కొత్త పేరు, ఖాతాల వివరాలు అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్లో, కుటుంబమంతా వాడే క్లౌడ్ ఖాతాలో పెట్టొద్దు. కాగితం మీద రాసి దాచినా మంచిదే.

3. స్పెల్లింగ్ ఒక్కటే, అన్నిచోట్లా అదే

ఇది చిన్న అడుగు, కానీ జారితే దెబ్బ గట్టిగా తగులుతుంది. తెలుగులో ఒకేలా పలికే పేరును ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాయొచ్చు. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరమా పూర్తి పేరా అన్నది ఇంకో తలనొప్పి. దరఖాస్తు రాసేముందే ఒక రూపం ఖాయం చేసుకోండి. పొట్టి అక్షరాలు వద్దు, పూర్తిగా రాయండి. పాత కాగితాల్లో పాత పేరు రెండు మూడు రకాలుగా పడి ఉంటే, ఆ రూపాలన్నీ అఫిడవిట్‌లో రాయించండి. లేకపోతే "మీ డిగ్రీ మీద ఉన్న పేరు వేరు కదా" అని ఇంకో పేరు మార్పు కాగితం అడుగుతారు.

4. పేరొక్కటేనా, జెండర్ గడి కూడానా?

రెండూ ఒకేసారి మార్చుకుంటే ప్రతి కౌంటర్ దగ్గరా ఒక్కసారే వివరించుకోవాలి. విడివిడిగా చేస్తే రెండుసార్లు. వీలున్నచోట రెండూ కలిపే చేయమంటాను. కానీ చాలా చట్టాల్లో పేరు మార్పు తేలిక, జెండర్ గడి మార్పు కష్టం. దానికి వైద్యుల లేఖలు, ఎదురుచూపులు, బోర్డులు ఉండొచ్చు. అది వచ్చేదాకా పేరు ఆపుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. అలాంటప్పుడు ముందు పేరు మార్చేయండి. రోజూ అందరి నోటా వినపడేది పేరే, గడి కాదు.

జర్మనీలో 2024 నవంబరు 1 నుంచి రెండూ ఒకే ప్రకటనతో రిజిస్ట్రార్ కార్యాలయంలో మారుతున్నాయి. మూడు నెలల ముందు నమోదు చేసుకోవాలి, ఆ తర్వాత ఒక ఏడాదిపాటు మళ్లీ మార్చడం కుదరదు. అంతకుముందు 1980 నాటి చట్టం కింద ఇద్దరు నిపుణుల నివేదికలు, కోర్టు తీర్పు కావాల్సి వచ్చేవి.

పేరొక్కటే మారుస్తున్నప్పుడు "కారణం" గడిలో ఏం రాయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. అబద్ధం రాయొద్దు, ఆత్మకథా రాయొద్దు. "చాలాకాలంగా వ్యక్తిగత, సామాజిక జీవితంలో ఈ పేరునే వాడుతున్నాను, పత్రాల్లోనూ అదే ఉండాలని కోరుతున్నాను" అనేది నిజం, చాలాచోట్ల సరిపోయే నిజం. జెండర్ గుర్తింపు కారణమని చెబితేనే ప్రకటన నుంచి మినహాయింపు దొరికే చోట మాత్రం అది స్పష్టంగా రాయాలి. ముందు నిబంధన చదవండి, తర్వాత కలం తీయండి.

5. దరఖాస్తు: ప్రకటన అనే గండం

మీ గోప్యతకు పెద్ద గండి పడేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

పేరు మార్పును పత్రికలో వేయమని చట్టాలు ఎందుకు అడుగుతాయి? అప్పులిచ్చినవాళ్లకు, కేసులున్నవాళ్లకు తెలియాలని. ఎవరూ పేరు మార్చుకుని ఊరు దాటిపోకూడదని. గుర్తింపు నంబర్లు లేని కాలానికి అది సబబే. అప్పట్లో ఆ ప్రకటన వారం తిరిగేసరికి పాత కాగితాల్లో కలిసిపోయేది. ఇప్పుడు పత్రిక ఈ-పేపర్‌గా ఉంటుంది, గెజిట్ ఎవరైనా దించుకోగలిగే పీడీఎఫ్‌గా ఉంటుంది. మీ కొత్త పేరు వెతికినవాళ్లకు పదేళ్ల తర్వాత కూడా పాత పేరు దొరకొచ్చు. నిబంధన పాతదే, దాని ప్రభావం మాత్రం పూర్తిగా మారిపోయింది.

కొన్ని దేశాలు దీన్ని గుర్తించాయి. అర్జెంటీనా 2012 చట్టం జెండర్ గుర్తింపు కింద చేసే మార్పులను పత్రికలో ప్రకటించకూడదని చెప్పింది. పాత జనన రికార్డును సొంతదారు అనుమతితోనో, కారణాలు రాసిన కోర్టు ఆదేశంతోనో తప్ప ఎవరూ చూడలేరు. గుర్తింపు కార్డు నంబరు మాత్రం మారదు. నా దృష్టిలో ఇది చక్కని ఏర్పాటు. లింక్ నంబరులో ఉంటుంది, పేరులో ఉండదు. న్యూయార్క్ రాష్ట్రం 2021లో పత్రికా ప్రకటన నిబంధననే ఎత్తేసింది, కోర్టు ఫైలును బయటివాళ్లు చూడకుండా సీలు చేయించుకోవడాన్ని సులువు చేసింది. బ్రిటన్‌లో డీడ్ పోల్‌ను కోర్టులో నమోదు చేయిస్తే అది గెజిట్‌కు ఎక్కుతుంది. నమోదు చేయించకపోతే ఎక్కదు. చాలా పనులకు నమోదు లేనిదే సరిపోతుంది. అందుకే "ఇంకా గట్టిగా ఉంటుంది" అని ఎవరో అన్నారని నమోదు చేయించుకుని తర్వాత బాధపడేవాళ్లుంటారు.

భారత్‌లో అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ అనే మూడు మెట్ల దారి చాలాకాలంగా వాడుకలో ఉంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఇంకో దారి వేసింది. జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చిన గుర్తింపు పత్రం ఉన్నవారికి జనన ధ్రువపత్రంలో, ఇతర గుర్తింపు పత్రాల్లో మొదటి పేరు మార్చుకునే హక్కును అందులో రాశారు. అలాంటి దారి ఉన్నచోట గెజిట్ కాగితం తెమ్మని గుమస్తా అడిగితే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వమనండి. చాలాసార్లు అది అలవాటుగా అడిగే కాగితమే.

ప్రకటన తప్పనిసరి అయినచోట దరఖాస్తు పెట్టేముందే ఈ పనులు చేయాలి. ప్రకటన ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోలేరు.

మినహాయింపు, సీలు కోసం చేసే విజ్ఞప్తిని అసలు దరఖాస్తుతోపాటే పెట్టండి. "తర్వాత అడుగుతాను" అనుకుంటే ఆలోపే కేసు జాబితాలోకి ఎక్కుతుంది. ఆ విజ్ఞప్తిలో "ఇబ్బందిగా ఉంటుంది" అని రాస్తే సరిపోదు. ఎవరి నుంచి ప్రమాదం, ఎలాంటి ప్రమాదం, ఇంతకుముందు ఏం జరిగింది అన్నది తేదీలతో రాయాలి. బెదిరింపు సందేశాల స్క్రీన్‌షాట్లు, ఇచ్చిన ఫిర్యాదు నకలు జతచేయాలి. అప్పులవాళ్లకు తెలియాలన్నదే ప్రకటన ఉద్దేశమైతే "నాకు అప్పున్న సంస్థలకు నేనే నేరుగా తెలియజేస్తాను, ఇదిగో వాటి జాబితా" అని ముందుకు రండి. న్యాయమూర్తికి అది వినదగ్గ వాదన.

కేసు శీర్షికలో ఏముంటుందో అడగండి. రోజువారీ కేసుల జాబితా తలుపు మీదే అంటిస్తారా, ఇంటర్నెట్‌లోనూ పెడతారా? పూర్తి పేర్ల బదులు మొదటి అక్షరాలు వాడమని కోరే వీలుందా? విచారణను చాంబర్లో జరపమని అడగొచ్చా? ఇవన్నీ కౌంటర్‌లోని గుమస్తాకు తెలిసినంతగా న్యాయవాదికి తెలియకపోవచ్చు. ఇద్దర్నీ అడగండి.

ప్రకటన వేయక తప్పకపోతే, చట్టం అడిగిన మాటలకు మించి ఒక్క మాట కూడా ఇవ్వొద్దు. కారణం, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, ఉద్యోగం ఇవేవీ అడగకపోతే రాయొద్దు. ప్రకటనలు తీసుకునేవాళ్లు వాళ్ల దగ్గరున్న పాత నమూనాలో అన్ని గడులూ నింపేస్తారు. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫ్ చదవండి.

6. కాపీలు, జిరాక్సులు

ఉత్తర్వు వచ్చాక ధ్రువీకరించిన కాపీలు ఐదారు తీసుకోండి. కొన్ని సంస్థలు ఒరిజినల్ తీసుకుని వారాల తరబడి తిరిగివ్వవు. అసలు కాగితం ఎవరికీ పోస్టులో పంపొద్దు.

జిరాక్స్ దగ్గర జాగ్రత్త. ఉత్తర్వు పీడీఎఫ్‌ను షాపు నంబరుకు వాట్సాప్ చేసి ప్రింట్ తీయించుకుంటాం కదా, ఆ ఫైలు ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. ఈ ఒక్క కాగితాన్ని సొంత ప్రింటర్ మీదో, నమ్మకమైన స్నేహితుల ప్రింటర్ మీదో తీసుకోండి. ప్రతి కాపీ మీద అడ్డంగా, అక్షరాల మీదుగా వెళ్లేలా "ఫలానా సంస్థలో పేరు మార్పు కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. కాపీ బయటికి పొక్కితే ఎక్కడి నుంచి పొక్కిందో తెలుస్తుంది.

7. ఏది ముందు, ఏది తర్వాత

ఇది గోప్యతకు సంబంధించిన క్రమం కూడా. ముందు మూల గుర్తింపు పత్రం మార్చుకుంటే, తర్వాత చాలాచోట్ల ఆ కొత్త కార్డు చూపిస్తే చాలు. లింక్ డాక్యుమెంట్ బయటికి తీయక్కర్లేదు. క్రమం తప్పితే ప్రతిచోటా తీయాల్సిందే.

మొదట జాతీయ గుర్తింపు కార్డో, జనన రికార్డో, మీ దేశంలో దేన్ని మూలంగా చూస్తారో అది. తర్వాత పన్ను సంఖ్య. ఆ తర్వాత బ్యాంకు. బ్యాంకులో పేరు మారాక జీతం, బీమా, రుణాలు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా ఎప్పుడైనా చేసుకోవచ్చు. పాస్‌పోర్టును ప్రయాణాలను బట్టి పెట్టుకోండి. వీసా ప్రాసెస్‌లో ఉండగా దాన్ని ముట్టుకోవద్దు.

బ్యాంకు, పన్ను రెండూ కొన్ని రోజులపాటు వేర్వేరు పేర్లతో ఉండే సంధికాలం ఒకటి వస్తుంది. ఆ రోజుల్లో జీతం ఆగొచ్చు, పన్ను వాపసు తిరిగిపోవచ్చు. చేతిలో ఒకటి రెండు నెలల ఖర్చు ఉంచుకుని, పన్ను రిటర్నుల గడువు దగ్గర లేని నెల చూసుకోండి.

డబ్బు పంపే యాప్‌లో ప్రొఫైల్ పేరు మార్చేస్తే సరిపోతుందనుకుంటాం. చాలా యాప్‌లు అవతలివాళ్లకు చూపించేది బ్యాంకు రికార్డులోని పేరు. నేను ఒకరికి చిన్న మొత్తం పంపినప్పుడు ఆయన స్క్రీన్ చూసి "ఇదెవరండీ, మీ తమ్ముడి ఖాతానా?" అన్నారు. అవునన్నాను. ఇంటికొచ్చి ముందు బ్యాంకుకు అపాయింట్‌మెంట్ పెట్టాను.

పాత పేరు మీద ఉన్న రుణ చరిత్ర చెరిగిపోదు, చెరగకూడదు కూడా. మంచి స్కోరు మీది. కానీ క్రెడిట్ సంస్థలు "ఇతర పేర్లు" అని ఒక గడి పెట్టి, రుణం అడిగిన ప్రతిచోటా దాన్ని చూపించే అవకాశం ఉంది. మీ నివేదిక మీరే తెప్పించుకుని చూడండి. రెండు చరిత్రలుగా విడిపోయి ఉంటే కలపమనండి, పాత పేరు బయటివాళ్లకు కనిపిస్తుంటే కనబడకుండా చేసే పద్ధతి ఉందేమో అడగండి.

8. కౌంటర్ దగ్గర

ఒకచోట, పేరు చెప్పను, వెయిటింగ్ హాలు కిటకిటలాడుతోంది. పేరు మార్చమనే అక్కడికి వెళ్లాను. మైకులో పిలిచింది పాత పేరు. లేచి నడుస్తుంటే వెనక మాటలు ఆగిపోవడం వినిపించింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమె స్క్రీన్ మీద ఉన్నదే చదివింది.

ఆ తర్వాత నుంచి నేను చేసే పని ఇది. టోకెన్ తీసుకునే ముందే ఒక చీటీ ఇస్తాను. "నా రికార్డు ఈ నంబరు మీద ఉంది. స్క్రీన్‌లో కనిపించే పేరును మార్పించుకోవడానికే వచ్చాను. దయచేసి ఆ పేరు గట్టిగా చదవొద్దు. టోకెన్ నంబరుతో పిలవండి." పై వరసలో నంబరు, కింద కొత్త పేరు. చీటీ మీద పాత పేరు ఉండదు. నోటితో చెబితే పక్కవాళ్లు వింటారు, చీటీని చదివేది ఒక్కరే. చాలామంది చీటీ చూసి ఒకసారి తలెత్తి, ఇంకేమీ అనకుండా పని చేసి పెట్టారు.

పని అయ్యాక వచ్చేయొద్దు. ఒక ప్రశ్న అడగండి: "పాత పేరు ఇంకా ఏ స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఎవరికి?" పూర్తిగా తీసేయమంటే చాలా సంస్థలు తీయలేవు, పాత రికార్డు ఉంచాలని వాళ్లకూ చట్టం ఉంటుంది. కాబట్టి "తీసేయండి" అని కాకుండా "చూసే అనుమతి పరిమితం చేయండి" అని అడగండి. మొదటిదానికి కాదంటారు. రెండోదానికి ఎవరో ఒక అధికారి దగ్గర దారి ఉంటుంది.

9. ఆఫీసు, చదువు, ఆస్పత్రి

ఆఫీసులో జీతాల విభాగానికి, హెచ్‌ఆర్‌లో ఒకరికి తెలియక తప్పదు. ఆ ఒక్కరెవరో మీరే ఎంచుకుని, ఇంకెవరికి చెప్పొచ్చో రాతలో ఇవ్వండి. కొత్త ఈమెయిల్ ఐడీ ఇచ్చాక పాతదాన్ని కొన్నాళ్లు ఫార్వర్డ్‌లో ఉంచుతారు. బదులిచ్చేటప్పుడు ఏ ఐడీ కనిపిస్తుందో పరీక్షించండి. మిగతావాళ్ల మెయిల్‌లో మొదటి రెండక్షరాలు కొట్టగానే పాత పేరు పైకి రావడం నెలల తరబడి ఉంటుంది. దాన్ని ఎవరికి వాళ్లు చెరపాల్సిందే.

కొత్త ఉద్యోగానికి వెళ్తుంటే నేపథ్య తనిఖీ ఫారంలో "గతంలో వాడిన పేర్లు" అనే గడి ఉంటుంది. దాన్ని దాచొద్దు, తర్వాత అదే తప్పుడు సమాచారంగా మీ మెడకు చుట్టుకుంటుంది. దానికి బదులు, ఆ పేరును యజమానికి కాకుండా తనిఖీ చేసే సంస్థకే నేరుగా ఇచ్చే దారి ఉందేమో అడగండి. బ్రిటన్‌లో నేర చరిత్ర తనిఖీలు చేసే డీబీఎస్‌లో దీనికోసమే ప్రత్యేక విభాగం ఉంది. పాత యజమానిని రిఫరెన్సుగా ఇస్తే, కొత్తవాళ్లు ఫోన్ చేసేలోపే మీరు చేసి ఏ పేరుతో మాట్లాడాలో చెప్పండి.

డిగ్రీ పట్టాను కొత్త పేరుతో మళ్లీ ఇవ్వమని విశ్వవిద్యాలయాన్ని అడగండి. కాదంటే కనీసం మార్కుల ధ్రువీకరణ లేఖ కొత్త పేరుతో తీసుకోండి. చాలామంది యజమానులకు అదే చాలు. పరిశోధన పత్రాలు రాసినవారికి పరిస్థితి ఇప్పుడు మెరుగు. కంప్యూటింగ్ రంగంలోని ఏసీఎం అనే వృత్తి సంఘం 2019లో పాత వ్యాసాల మీద కూడా రచయిత పేరు మార్చే విధానం తెచ్చింది, తర్వాత పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు అదే బాట పట్టాయి. ఓర్కిడ్ అనే, పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఉంటే మీ రచనలన్నీ పేరుతో కాక ఆ సంఖ్యతో కలిసి ఉంటాయి.

ఆస్పత్రిలో మాత్రం గోప్యతతోపాటు ఆరోగ్యమూ చూసుకోవాలి. జెండర్ గడి మారగానే కొన్ని చోట్ల కంప్యూటర్ కొన్ని పరీక్షలకు పిలవడం మానేస్తుంది. ఇంగ్లండ్‌లో పురుషుడిగా నమోదైన ట్రాన్స్ పురుషులకు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా రాసినవారికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష పిలుపు దానంతటది రాదు. శరీరంలో ఆ అవయవం ఉన్నంతకాలం పరీక్ష కావాలి, కాబట్టి తేదీ మీరే గుర్తుపెట్టుకోవాలి. రికార్డు మార్చేముందు పాత రిపోర్టుల ప్రింట్లు తీసుకోండి.

10. ఫోన్, ఇంటర్నెట్

ఇక్కడ చట్టం పెద్దగా అక్కరకు రాదు, ఓపికే రావాలి.

ఫోన్ చేసినవారి పేరు చూపించే యాప్‌లు ఇతరుల ఫోన్‌బుక్కుల నుంచి పేర్లు తీసుకుంటాయి. మీరు ఆ యాప్ వాడకపోయినా మీ పాత పేరు అందులో ఉంటుంది. మీ నంబరుతో వెళ్లి పేరు సరిచేయడమో, నంబరును జాబితా నుంచి తీసేయమనడమో చేయండి. రెజ్యూమే ఫైలు పేరు మార్చారు, లోపల పేరు మార్చారు, బాగానే ఉంది. ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి "ఆథర్" గడి చూశారా? కంప్యూటర్ తొలిసారి సెటప్ చేసినప్పుడు ఇచ్చిన పేరే అక్కడ కూర్చుని ఉంటుంది.

ప్రోగ్రామర్లకు గిట్, అంటే కోడ్‌లో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే సాధనం, ఒక ప్రత్యేకమైన చిక్కు. అందులో నమోదయ్యే ప్రతి మార్పులో, అంటే కమిట్‌లో, పేరు ముద్ర పడి ఉంటుంది, దాన్ని తిరగరాస్తే ఆ కమిట్ల గుర్తులన్నీ మారిపోయి మిగతావాళ్ల పని చెడుతుంది. మెయిల్‌మ్యాప్ అనే ఫైలు పెడితే లాగ్ చూసినప్పుడు కొత్త పేరు కనిపించేలా చేయొచ్చు. లోపల పాతది ఉంటుంది, కానీ వెతికి తవ్వితే తప్ప కళ్లబడదు. ఆ ఫైల్లోనూ రెండు పేర్లూ పక్కపక్కన పడకుండా కొత్త పేరును ఈమెయిల్‌కు మాత్రమే జతచేసే పద్ధతి ఉంది, అదే వాడండి.

పాత ఈమెయిల్ ఖాతాను మాత్రం ఆవేశంలో మూసేయొద్దు. దానితో తెరిచిన ఖాతాలన్నీ కొత్తదానికి మార్చాక, ఇంకో ఏడాది ఊరికే ఉంచండి. మర్చిపోయిన పాస్‌వర్డు ఒకటి తప్పకుండా దాని తలుపు తడుతుంది.

11. ఎవరైనా మార్చనంటే, బయటపెడితే

ముందు రాతలో అడగండి. ఈ నమూనా వాడుకోవచ్చు:

"మీ రికార్డుల్లో ఈ సంఖ్య మీద ఉన్న నా పేరు ఇప్పుడు సరైనది కాదు. చట్టబద్ధంగా మారిన పేరు, రుజువు జతచేశాను. నా రికార్డును సరిచేసి, పాత పేరు చూసే అనుమతిని అవసరమైన సిబ్బందికే పరిమితం చేయమని కోరుతున్నాను. ఏ తేదీలోగా చేస్తారో, చేయకపోతే ఏ నిబంధన కింద చేయడం లేదో రాతపూర్వకంగా తెలపండి."

ఈ చివరి వాక్యమే పని చేయిస్తుంది. కాదనడానికి కూడా సంతకం పెట్టాల్సి వస్తుందంటే చాలామంది ఫైలు మళ్లీ తెరుస్తారు.

పై మెట్టుకు వెళ్లాల్సి వస్తే చేతిలో ఉండాల్సినవి ఇవి. యూరోపియన్ యూనియన్‌లో వ్యక్తిగత డేటా చట్టం జీడీపీఆర్ 16వ అధికరణ తప్పుడు సమాచారాన్ని సరిచేయించుకునే హక్కునిస్తుంది. అది జెండర్ గడికీ వర్తిస్తుందని, దానికి శస్త్రచికిత్స రుజువు అడగకూడదని ఈయూ న్యాయస్థానం 2025 మార్చిలో తేల్చింది. బ్రిటన్‌లో 2004 నాటి జెండర్ గుర్తింపు చట్టం 22వ సెక్షన్ ప్రకారం, జెండర్ గుర్తింపు ధ్రువపత్రం ఉన్నవారి గతాన్ని అధికారిక హోదాలో తెలుసుకున్నవారు బయటపెడితే, కొన్ని మినహాయింపులు పోను, అది నేరం. జర్మనీ చట్టంలో హాని చేయాలనే ఉద్దేశంతో పాత పేరు బయటపెడితే 10,000 యూరోల వరకు జరిమానా. భారత్‌లో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న జెండర్ గుర్తింపును, 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో గోప్యతను రాజ్యాంగ హక్కులుగా నిలబెట్టింది. ఫిర్యాదులో ఈ రెండు తీర్పులనూ పేర్కొనండి.

ఏ తేదీన ఎవరు ఏమన్నారో అప్పుడే రాసి పెట్టుకోండి. నెల తర్వాత గుర్తుండేది కోపం ఒక్కటే, ఫిర్యాదుకు కావాల్సింది తేదీలు.

12. దేశం దాటేటప్పుడు

టికెట్ మీద పేరు, జెండర్ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవాలి. వాడుక పేరుతో టికెట్ తీసుకోవద్దు. పాస్‌పోర్టు జెండర్ గడిలో ఆడ, మగ కాకుండా వేసే ఎక్స్ గుర్తును అంతర్జాతీయ విమానయాన ప్రమాణాలు ఒప్పుకుంటాయి, కానీ వెళ్లే దేశం, మధ్యలో దిగే దేశం కూడా ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోవాలి. పాత పాస్‌పోర్టులో వీసా మిగిలి ఉంటే రెండూ, వాటితోపాటు లింక్ డాక్యుమెంట్ చేతిసంచిలో ఉండాలి. చెకిన్ పెట్టెలో కాదు.

ఒక దేశంలో మారిన పేరును ఇంకో దేశం ఒప్పుకోకపోవడం మామూలే. బ్రిటన్‌లో పేరు, జెండర్ మార్చుకున్న తన పౌరుడి మార్పును రొమేనియా గుర్తించి తీరాలని ఈయూ న్యాయస్థానం 2024 అక్టోబరులో చెప్పింది. ఆ సమాఖ్య బయట అంత భరోసా లేదు. రెండు దేశాల కాగితాలున్నవారు ముందు ఏ దేశంలో మార్చాలో న్యాయవాదిని అడిగాకే మొదలుపెట్టండి.

ఆ ఒక్క కవరు

అన్నీ మారాక కూడా లింక్ డాక్యుమెంట్‌ను చించేయొద్దు. చించాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. పింఛను, ఆస్తి, పాత చదువు ఏదో ఒకటి ఇరవై ఏళ్ల తర్వాత కూడా దాన్ని అడుగుతుంది. రెండు ధ్రువీకరించిన కాపీలు ఒక కవరులో పెట్టి అతికించండి. కవరు పైన పేర్లు రాయొద్దు, ఏ సందర్భంలో తెరవాలో మాత్రం రాయండి. మీకు ఏమైనా అయితే తెరవాల్సిన ఒకే ఒక మనిషికి అది ఎక్కడుందో చెప్పి ఉంచండి. నా కవరు మీద "బ్యాంకు అడిగితేనే" అని ఉంది. దాని కింద పెన్సిల్‌తో మా అక్క ఫోన్ నంబరు.